కొడుకుకు పని చెప్పండి

(హనుమకొండలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో విశ్రాంత జువాలజీ లెక్చరర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక తలుపు దగ్గర నిలబడ్డ నాన్నలు కాస్త ముందుకొచ్చి కూర్చోండి. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మీరు బండి తాళాలు చేతిలో తిప్పుతూ నిలబడితే, ఎప్పుడు జారుకుంటారోనని నాకు టెన్షన్. రండి, అమ్మల పక్కన కూర్చుంటే ఏం కాదు.

హెడ్మాస్టరు గారు ఫోన్ చేసి, "మగపిల్లలకు స్త్రీలను గౌరవించడం ఎట్లా నేర్పాలో నాలుగు మాటలు చెప్పండి మేడమ్" అన్నారు. సరేనన్నాను గానీ, గౌరవానికి మనకేం తక్కువ చెప్పండి? రెండేళ్లకోసారి మేడారం పోయి తల్లి సమ్మక్కకూ బిడ్డ సారలమ్మకూ నిలువెత్తు బంగారమని బెల్లం తూచి మొక్కుతాం. కొత్త బండి కొంటే నేరుగా భద్రకాళి గుడికి తీసుకుపోతాం. ఇంటికొచ్చిన చుట్టాలకు కోట చూపించి, ఓరుగల్లును రుద్రమదేవి ఏలిందని గొప్పగా చెప్తాం. అవన్నీ అయ్యాక ఇంటికొచ్చి, చెప్పులు విడవకముందే "నీళ్లు తేవే" అంటాం. మొక్కడానికి అలవాటు పడ్డవాళ్లకు గౌరవం నేర్పేదేముంది? అందుకే ఇవాళ పని గురించి మాట్లాడతాను. అన్నం తిన్న కంచం ఎవరు తీస్తున్నారు, వాన మొదలైతే మిద్దె మీది బట్టల కోసం ఎవరు ఉరుకుతున్నారు, నానమ్మకు జ్వరమొస్తే రాత్రి ఎవరు లేస్తున్నారు. నాకు తెలిసినంతలో పిల్లల పెంపకం అక్కడే ఉంది.

ముందు రెండు లెక్కలు చెప్తాను, విసుక్కోకండి. మనుషులు రోజంతా ఏయే పనికి ఎంత సమయం పెడుతున్నారో తెలుసుకోవడానికి కేంద్ర గణాంక శాఖవాళ్లు 2019లో దేశమంతా సర్వే చేశారు. ఆరేళ్లు దాటిన ఆడవాళ్లలో నూటికి 81 మంది ఇంటిపని చేస్తున్నారు. మగవాళ్లలో 26 మంది. ఆ చేసేవాళ్లలో కూడా ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు పెడితే, మగవాళ్లు 97 నిమిషాలు పెట్టారు. 2024లో మళ్లీ సర్వే చేశారు. ఆడవాళ్లకు 299 కాస్తా 289 అయింది. మగవాళ్లకు 97 కాస్తా 88 అయింది. అంటే ఆడవాళ్లకు తగ్గిన ఆ పది నిమిషాలు మగవాళ్లు పంచుకున్నందుకు తగ్గినవి కావు. కుక్కరో, మిక్సీయో, వాషింగ్ మెషీనో తగ్గించి ఉంటుంది.

ఈ లెక్క మీ ఇంట్లో ఎట్లా ఉంటుందో పదో తరగతి పరీక్షల రోజుల్లో చూడండి. నేను చాలా ఇళ్లలో చూశాను. మార్చి నెల, ఎండ ముదురుతోంది. అక్కకు మర్నాడు లెక్కల పరీక్ష. తమ్ముడు తొమ్మిదో తరగతి, ఫ్యాన్ కింద పడుకుని ఫోన్ చూస్తున్నాడు. మంచినీళ్ల బిందె వాడి కాళ్ల దగ్గరే ఉంది. "అమ్మా, నీళ్లు" అంటాడు. వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తున్న అమ్మ చెయ్యి ఆపదు. వెయ్యి బీడీలకు ఇంతని లెక్క, ఆపితే నడవదు. "బిడ్డా, తమ్మునికి నీళ్లిచ్చి సదువుకో" అంటుంది. అక్క పుస్తకం బోర్లించి లేస్తుంది. ఎవరికీ కోపం లేదు, ఎవరూ ఎవరినీ తిట్టలేదు. నీళ్లిచ్చి వచ్చాక ఆ పిల్ల చదివిన పేజీ మళ్లీ వెతుక్కోవాలి. అంతే నష్టం. రోజుకు ఇరవైసార్లు అంతే నష్టం.

అయినా రిజల్ట్ వచ్చేసరికి అక్కలే ముందుంటారు. 2024లో మన రాష్ట్రంలో పదో తరగతి పాసైన అమ్మాయిలు 93.23 శాతం, అబ్బాయిలు 89.42 శాతం. ఏటా ఇదే తంతు. పేపర్లవాళ్లు "బాలికలదే పైచేయి" అని ఒక హెడ్డింగ్ దాచిపెట్టుకుంటారు కాబోలు.

మగపిల్లలకు ఇంటిపని చేతకాదు, వాళ్ల చేతులు దానికి తిరగవు అని అమ్మలే నాతో అంటుంటారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు పోయి చూడండి. దుబాయ్, మస్కట్, ఖతార్ పోయినవాళ్లు లేని ఊరు ఉండదు. అక్కడ ఒక్కో రూములో ఎనిమిది మందో పది మందో. మంచం మీద మంచం. వంటకు వంతులు వేసుకుంటారు. డ్యూటీ దిగి వచ్చి ఉల్లిగడ్డలు కోసి, కూర వండి, తెల్లారి డ్యూటీకి డబ్బా కట్టుకుంటారు. ఎవరి బట్టలు వాళ్లు ఉతుక్కుంటారు. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు గంజి కాచి తాగిస్తారు. అట్లా పదేళ్లు, పదిహేనేళ్లు ఉన్నవాళ్లున్నారు. అదే మనిషి సెలవు మీద ఇంటికొస్తాడు. తిన్న కంచంలోనే చెయ్యి కడిగి లేస్తాడు.

మా చుట్టాల్లో ఒకాయన ఉన్నాడు, నాకు మరిది వరస. అక్కడ పండుగొస్తే రూములో బగారన్నం వండేది ఆయనేనట, ఫోటోలు చూపించాడు. "ఏమయ్యా, ఇక్కడొకసారి వండరాదు, మేమూ తింటం" అన్నాను. గుమ్మం దిక్కు ఒకసారి చూసి, "ఇక్కడ ఎవలన్న జూస్తరు వదినె" అన్నాడు.

నేను ఎన్ని పుస్తకాలు చదివినా ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఆయనకు వంట వచ్చు. వండాలని మనసూ ఉంది. అడ్డం వచ్చింది చూసేవాళ్లు. ఎడారిలో పది మంది మగవాళ్ల మధ్య వండితే ఏమీ కాని మగతనం, సొంత ఊళ్లో సొంత పొయ్యి దగ్గర నిలబడితే పోతుందని భయం.

ఇంకోటి కూడా గమనించండి. పెళ్లి వంటలకు ఎవరిని పిలుస్తాం? పెద్ద పెద్ద గంజులు దించేది మగవాళ్లే. హనుమకొండ చౌరస్తాలో తెల్లారగట్ల దోసెలు పోసేది మగవాడే, పైగా ఆయన్ని మాస్టర్ అని పిలుస్తాం. ఇస్త్రీ బండి దగ్గర మగవాడు, కుట్టుమిషన్ ముందు మగవాడు, కొత్తవాడలో దర్రీల మగ్గం మీద మగవాడు. పొయ్యికీ సూదికీ ఆడా మగా లేదు. పైసలొస్తే అది మగపని, రాకపోతే ఆడపని. మనం పిల్లలకు తెలియకుండానే నేర్పుతున్న లెక్క ఇది. వాడు చూసి నేర్చుకుంటాడు, మనం చెప్పక్కర్లేదు.

మరి మన దగ్గర మగవాళ్లు సిగ్గుపడకుండా చేసే ఇంటిపని ఏదీ లేదా అంటే, ఉంది. బతుకమ్మ పండుగకు తంగేడు పువ్వు, గునుగు పువ్వు తెచ్చేది ఎవరు? తెల్లారకముందే సంచి పట్టుకుని పొలం గట్ల వెంట పోయేది మగపిల్లలూ నాన్నలే. చాలా ఇళ్లలో గునుగుకు రంగులద్ది, తాంబాళంలో వరసలు పేర్చడానికి కూడా కూర్చుంటారు. సద్దుల నాడు బతుకమ్మ ఎత్తుగా పేర్చితే బరువవుతుంది, చెరువు దాకా మోసేది ఆయనే, నడుము లోతు నీళ్లలోకి దిగి వదిలేదీ ఆయనే. ఏ ఊళ్లోనైనా ఆయన్ని ఎవరన్నా ఆడంగి అన్నారా? అనరు. ఎందుకంటే పక్కింటాయన కూడా పువ్వుల సంచితోనే ఎదురొస్తాడు. నలుగురూ చేస్తే నలుగురూ అనేదేముంటుంది?

కాబట్టి నాన్నలకు నేను చెప్పేది ఒక్కటే. మీలో కొందరు ఇంట్లో పని చేస్తారు, నాకు తెలుసు. తలుపు వేసుకుని గిన్నెలు తోముతారు. బట్టలు పిండుతారు గానీ మిద్దె మీద ఆరేయడానికి మాత్రం ఆమెనే పంపిస్తారు. తలుపు తీసి తోమండి. వాకిలి ఊడవండి. పక్కింటాయన నవ్వితే నవ్వనివ్వండి, రెండు వారాల తర్వాత నవ్వడానికి ఆయనకే విసుగొస్తుంది. మీ కొడుకు చూడాల్సింది మీరు ఊడవడం ఒక్కటే కాదు, మీరు ఆ నవ్వును పట్టించుకోకపోవడం. అమ్మ చెప్పి నేర్పలేనిది అది. నాన్న చేసి చూపించాల్సిందే.

ఈ చూసేవాళ్ల భయానికి మన ఉమ్మడి వరంగల్ జిల్లా ఎంత మూల్యం చెల్లించిందో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. 1997-98లో లద్దె పురుగు పత్తి చేలను తినేసింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. కొట్టిన మందే మనుషులు తాగారు. ఆ రోజుల్లో పరకాల దిక్కు అట్లాంటి కొన్ని ఇళ్లకు వెళ్లాను. ఏ ఇంటికి పోయినా ఒకే మాట వినబడేది. దినాలు కాకముందే మందుల షాపాయన పుస్తకం పట్టుకుని వచ్చాడు, వడ్డీకిచ్చినాయన వచ్చాడు, అప్పుడుగానీ ఇంత అప్పు ఉందని ఆమెకు తెలియలేదు. పక్కన పడుకున్న మనిషికి తెలియదు! పొద్దంతా అదే చేలో కలుపు తీసిన మనిషికి తెలియదు. పెళ్లానికి అప్పు చెప్పుకోవడం చిన్నతనం అనుకున్నాడు. అన్నదమ్ముల ముందు తగ్గడం చిన్నతనం అనుకున్నాడు.

తప్పుగా అర్థం చేసుకోకండి. ఆ రైతులను చంపింది పురుగు, నకిలీ మందులు, వడ్డీలు, రాని పంట. మగతనమే చంపిందని నేను తేల్చేస్తే అది వాళ్లకు అన్యాయం చేసినట్టు. కానీ ఆ కష్టాన్ని ఎవరికీ చెప్పకుండా ఒక్కడే మోసినవాడి ముందు దారులు తొందరగా మూసుకుపోతాయి. 2022లో దేశంలో లక్షా డెబ్బై వేల మంది ఆత్మహత్య చేసుకుంటే, వాళ్లలో లక్షా ఇరవై రెండు వేల మందికి పైగా మగవాళ్లు. నూటికి డెబ్బై దాటింది. అది మగవాళ్లకు కష్టాలు ఎక్కువని చెప్పే లెక్కో, చెప్పుకునే చోటు తక్కువని చెప్పే లెక్కో మీరే ఆలోచించండి. మీ ఐదేళ్ల పిల్లవాడు మోకాలు గీరుకుపోయి ఏడుస్తుంటే, "ఏందిరా, ఆడపిల్ల లెక్క" అని మీరు అనే ఉంటారు. వాడు ఆ క్షణానికి ఏడుపు ఆపుతాడు. మీకు హాయిగా ఉంటుంది. ముప్పై ఏళ్లకు అప్పైనప్పుడు కూడా అట్లాగే ఆపుకుంటాడు.

ఇప్పుడు కొంచెం కష్టమైన సంగతి. ఈ ఊళ్లో మగపిల్లల గురించి మాట్లాడుతూ 2008 డిసెంబర్ గురించి మాట్లాడకుండా ఉండటం నాకు చేతకాదు. స్కూటీ మీద ఇంటికి పోతున్న ఇద్దరు ఇంజినీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. ఒక అమ్మాయి ప్రాణం పోయింది. ప్రేమను కాదన్నందుకే ఇదంతా అని పోలీసులు చెప్పారు. నిందితులు ముగ్గురూ కొద్ది రోజుల్లోనే ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. ఊరంతా స్వీట్లు పంచుకుంది, పోలీసులకు దండలు వేసింది. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆ వారం నేను క్లాసుకు పోతే, ముందు బెంచీల నుంచి వెనక బెంచీల దాకా అదే వయసు మగపిల్లలు. వీళ్లకు ఏం చెప్పాలి? చట్టం మారింది, 2013లో యాసిడ్ దాడికి పదేళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష పెట్టారు. బాగానే ఉంది. శిక్ష గురించి మాట్లాడుకున్నంతగా, కాదు అంటే వినలేని పిల్లవాడు మన ఇళ్లలో ఎట్లా తయారవుతున్నాడని మాట్లాడుకోలేదు.

ఆడపిల్ల పుట్టినప్పటి నుంచీ కాదు, వద్దు, కూడదు వింటూనే పెరుగుతుంది. గట్టిగా నవ్వొద్దు, ఆ టైంకు పోవద్దు, ఆ డ్రెస్సు వద్దు. మగపిల్లవాడు అడిగింది ఇవ్వలేకపోతే మనకే తక్కువగా అనిపిస్తుంది. తొమ్మిదో తరగతిలో బండి ఇస్తాం. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చి, మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి ఓనరుకో 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని రాశారు. అయినా ఈ స్కూలు గేటు బయట ఇప్పుడు ఎన్ని బండ్లున్నాయో నేను లెక్కపెట్టలేదు, మీకే తెలుసు. అట్లా పెరిగిన పిల్లవాడు జీవితంలో మొదటిసారి గట్టిగా "కాదు" అని వినేది పంతొమ్మిదేళ్లప్పుడు, ఒక అమ్మాయి నోటి నుంచి. వాడికి అది అలవాటు లేని మందు. అందుకే చెప్తున్నా, ఇంట్లోనే, చిన్నప్పుడే, చిన్న విషయాలకే కాదనండి. అలుగుతాడు. అన్నం తిననంటాడు. ఒక పూట తినకపోతే ఏమీ కాదు, జువాలజీ చదివినదాన్ని చెప్తున్నా.

జువాలజీ అంటే గుర్తొచ్చింది. ఇంటర్ సెకండియర్‌లో జన్యుశాస్త్రం చెప్పేదాన్ని. తల్లి నుంచి ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే వస్తుంది, తండ్రి నుంచి ఎక్స్ వస్తే ఆడపిల్ల, వై వస్తే మగపిల్లవాడు అని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేదాన్ని. పిల్లలు అచ్చం అదే బొమ్మ గీసి ఫుల్ మార్కులు తెచ్చుకున్నారు. తర్వాత వాళ్లలో ఒకాయన బజార్లో కలిసి, "ఏం జేద్దాం మేడమ్, మా ఆమెకు ఇద్దరూ ఆడపిల్లలే" అన్నాడు. నేనిచ్చిన మార్కులు వెనక్కి తీసుకోవాలనిపించింది.

నవ్వుతున్నారు గానీ, ఆ మాట వెనక ఉన్నదే మన లెక్క తప్పించింది. సహజంగా వెయ్యి మంది మగపిల్లలకు 950 మంది దాకా ఆడపిల్లలు పుడతారు. 2001 జనాభా లెక్కల్లో మన తెలంగాణ ప్రాంతంలో ఆరేళ్లలోపు పిల్లల్లో ఆ సంఖ్య 957. 2011కి 932కు పడిపోయింది. కడుపులో ఉన్నది ఎవరో చెప్పడం నేరమని 1994లోనే చట్టం వచ్చింది. అది ఎంత బాగా అమలైందో ఈ లెక్కే చెప్తుంది. ఆ 2011 పిల్లలు ఇప్పుడెక్కడున్నారు? ఇంటర్‌లో, డిగ్రీలో ఉన్నారు. రేపు పెళ్లీడుకొస్తారు.

ఇప్పటికే ఊళ్లలో చూడండి. నర్సంపేట దిక్కు పోండి, జనగామ దిక్కు పోండి. ముప్పై రెండు, ముప్పై నాలుగేళ్ల పిల్లగాండ్లు, ఐదెకరాల భూమి, ట్రాక్టరు, మంచి పేరు, అన్నీ ఉన్నాయి. పిల్లనిచ్చేవాళ్లు లేరు. "ఎవుసం చేసేటోనికి ఇయ్యం" అంటున్నారు. తప్పంతా అమ్మాయిల మీదికే నెడుతున్నారు, పట్నం మోజని, సాఫ్ట్‌వేరోడే కావాలంటారని. నేను డిగ్రీ చదువుతున్న అమ్మాయిలను అడిగాను. వాళ్లు భూమిని కాదనడం లేదు. తెల్లారి నాలుగింటికి లేచి, ఇంటిల్లిపాదికి వండి, చేనుకు పోయి వాళ్లతో సమానంగా కలుపు తీసి, పొద్దూకి వచ్చి మళ్లీ పొయ్యి ముట్టించే బతుకు వాళ్ల అమ్మలది. చేను నుంచి ఇద్దరూ కలిసే వస్తారు. ఒకరు మంచమెక్కుతారు, ఒకరు పొయ్యి దగ్గరికి పోతారు. ఆ అమ్మాయిలు పద్దెనిమిదేళ్లు అది చూసి కాదంటున్నారు. ఆ కొడుకులకు భూమి రాసిచ్చిన తండ్రులు, కూర వండటం కూడా నేర్పించి ఉంటే సంబంధాలు ఇంత కష్టమయ్యేవి కావేమోనని నాకొక అనుమానం. సగం సరదాకే అంటున్నా, సగం నిజంగానే.

మనం ఆడపిల్లలను మార్చుకున్నాం, ఆ మేరకు మనకు మెచ్చుకోలు దక్కాలి. నిజామాబాద్ జిల్లా గిరిజన బిడ్డ మాలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయింది. మన పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి దీప్తి జీవంజి 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. కూతురు గెలిస్తే "కొడుకు లెక్క పెంచినం" అని గొప్పగా చెప్పుకుంటాం. గణపతిదేవుడి కాలం నుంచీ ఉన్నదే, కూతురు రుద్రమదేవిని రుద్రదేవ మహారాజు అని శాసనాల్లో రాయించారు. కొడుకును కూతురు లెక్క పెంచామని మాత్రం ఏ తండ్రీ ఏ మైకులోనూ చెప్పగా నేను వినలేదు.

ఇక అమ్మలు. నాన్నలనే అంటున్నానని మీరు హాయిగా వింటున్నారు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రం ఆడవాళ్లను ఒక ప్రశ్న అడిగారు. చెప్పకుండా బయటికి పోయినా, పిల్లలను సరిగా చూడకపోయినా, ఎదురు మాట్లాడినా, వంట సరిగా చేయకపోయినా, అత్తమామలను లెక్కచేయకపోయినా, ఇట్లా ఏడు కారణాలు చెప్పి, వీటిలో దేనికైనా భర్త కొట్టడం న్యాయమేనా అని. కనీసం ఒకదానికైనా న్యాయమే అన్నవాళ్లు నూటికి 83 మందికి పైగా. దేశంలోనే అందరికంటే ముందున్నాం. ఆ అమ్మలే కొడుకులను పెంచుతున్నారు. నేను మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. తిన్న దెబ్బకు ఒక న్యాయం ఉందనుకుంటేనే ఆ ఇంట్లో మర్నాడు పొయ్యి వెలిగించగలుగుతారు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ గోడ పక్కన నిలబడి చూస్తున్న పిల్లవాడికి అది తెలియదు. వాడికి కనబడేది ఒక్కటే. నాన్న కొట్టాడు, అమ్మ కళ్లు తుడుచుకుని అన్నం పెట్టింది, ఏమీ కాలేదు.

నేను చెప్పాలనుకున్నది ఇదే. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక తండ్రి: ఆడపిల్లలకు పెళ్లి సాయానికి కళ్యాణలక్ష్మి, వేధించేవాళ్లను పట్టడానికి పోలీసుల షీ టీములు అన్నీ ఉన్నాయి. మగపిల్లలను పట్టించుకునేవాళ్లు లేరు కదా మేడమ్?)

మంచి ప్రశ్న, దాచుకోకుండా అడిగారు. సగం మీతో ఒప్పుకుంటాను. ఇంటర్ ఫెయిలై, ఏ దారీ దొరక్క చౌరస్తాలో నిలబడే పిల్లగాండ్లు మనకు బోలెడంత మంది ఉన్నారు. వాళ్లను పోలీసులు తరమడమే తప్ప కూర్చోబెట్టి మాట్లాడేవాళ్లు తక్కువ. పదిహేడేళ్ల అమ్మాయితో వెళ్లిపోయి, మైనర్ల మీద లైంగిక నేరాలకు పెట్టే పోక్సో కేసులో పడ్డ పిల్లవాడికి, పద్దెనిమిది నిండకపోతే ఆమె ఇష్టంతో చట్టానికి పని లేదని ఎవరూ ముందు చెప్పలేదు. అవి చెప్పాలి, స్కూల్లోనే చెప్పాలి. మిగతా సగం ఒప్పుకోను. కళ్యాణలక్ష్మి కింద వచ్చే లక్షా నూటపదహార్లు ఎక్కడికి పోతున్నాయో మీకూ తెలుసు. ఆస్తి సంగతి చూడండి. మన దగ్గర ఎన్టీఆర్ కాలంలోనే, 1985 నుంచి పెళ్లికాని ఆడబిడ్డలకు, 2005లో దేశమంతా ఆడబిడ్డలందరికీ, హిందూ కుటుంబాల్లో పూర్వీకుల ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఉంది. రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర ఒక రోజు నిలబడండి. నాకేమీ వద్దని సంతకం పెట్టడానికి ఎంతమంది అక్కలు వస్తున్నారో, పక్కన నిలబడ్డ తమ్ముళ్ల మొహాలు ఎట్లా ఉన్నాయో చూడండి.

(ఒక పెద్దావిడ: నా కోడలు మనవనితోని బోళ్లు తోమిస్తది. నాకు పానం ఉసూరుమంటది బిడ్డా.)

అట్లనే ఉంటది పెద్దమ్మా. మీరు మీ కొడుకును అట్లా పెంచలేదు కాబట్టి కళ్లముందు చూస్తే బాధైతది. మీ మనవరాలు తోముతుంటే కూడా అట్లనే అనిపిస్తుందా? ... లేదంటున్నారు, నవ్వుతున్నారు. సరే, మీరు బాధపడండి గానీ, వాని చేతిలో పీచు గుంజుకోకండి. అంతవరకు చాలు.

(ఒక తల్లి: మావాడు ఇంటర్ ఫస్టియర్ మేడమ్. ఇప్పుడు చెప్తే వింటాడా?)

చెప్తే వినడు. చెప్పకండి, అప్పగించండి. అమ్మకు సాయం చేయరా అంటే పది నిమిషాలు చేసి పోతాడు, గుర్తు పెట్టుకునే భారం మీదే ఉంటుంది. బియ్యం అయిపోతున్నాయని, గ్యాస్ బుక్ చేయాలని తలలో మోయడమే సగం పని. అందుకని ఒక పని పూర్తిగా వాడిదే చేయండి. రాత్రి అన్నం అనుకోండి. బియ్యం ఎన్ని పోయాలో, ఎప్పుడు పెట్టాలో, బియ్యం నిండుకుంటే ఎవరు తేవాలో అన్నీ వాడివే. మీరు గుర్తు చేయొద్దు. ఒక రోజు మరిచిపోతాడు, తప్పకుండా మరిచిపోతాడు. ఆ రాత్రి ఇంట్లో అన్నం ఉండదు. కూర ఉంటుంది, దాన్ని చూస్తూ కూర్చోండి. మీకు లేచి కుక్కర్ పెట్టాలని చేతులు గుంజుతాయి, పెట్టకండి. మీవారు వచ్చారా ఇవాళ? ఆ, మీరేనా అండీ? మీ పని చాలా చిన్నది. ఆ రాత్రి బండి తీసి, సెంటర్‌కు పోయి పరోటాలు పార్సిల్ కట్టించుకుని రావొద్దు.